ముల్లు దూకుతోందన్నావు కదా

చిన్నా,

అత్తయ్య అమెరికా నుంచి తెచ్చిన పాత టర్న్‌టేబుల్ మీద తాతగారి ఘంటసాల భగవద్గీత పెడితే గొంతు బరువుగా, నిదానంగా వస్తోందనీ, మధ్యమధ్య ముల్లు దూకుతోందనీ రాశావు. ముందు ఆ రికార్డు తీసి కవర్లో పెట్టెయ్యి. మెషిన్ బాగయ్యేదాకా, పాడైనా బాధలేని ఏదో ఒక ప్లేటుతోనే పరీక్షలన్నీ చేసుకో. ముల్లు ఒకసారి గాడిని గీరేస్తే దాన్ని మళ్లీ బాగుచేసే దారి లేదు.

గొంతు సంగతికి వస్తాను. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టానన్నావు. అది 230 వోల్టులను 110కి దించుతుందే గానీ కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకు 50. పాత మెషిన్లలో చాలావాటికి ఉండే ఏసీ సింక్రనస్ మోటారు వేగం ఆ ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. అందుకని నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగదు. పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఘంటసాల గొంతును ఆయన పాడిన శ్రుతిలోనే వినాలి నాన్నా, దాంట్లో సర్దుకుపోకు. 50 హెర్ట్జ్‌కు సరిపడే, కాస్త పెద్ద పుల్లీ మోటారుకు వేయిస్తే సరిపోతుంది. మోటారు డీసీదైతే మాత్రం ఈ చిక్కు ఉండదు, అప్పుడు బెల్టు సాగిందేమో చూడాలి. బెల్టు సాగితే వేగం నిలకడగా ఉండక, రాగం తీసిన చోట గొంతు ఊగుతుంది.

ఇక ముల్లు దూకడం. టోన్ ఆర్మ్ మీద రూపాయి బిళ్ల పెట్టమని ఎవరైనా చెబితే వినొద్దు. ముల్లు బిగించి ఉండే కార్ట్రిడ్జ్‌లు చాలావరకు రెండు గ్రాముల బరువు దగ్గర పాడతాయి. బిళ్ల ఒక్కటే మూడు గ్రాములు దాటుతుంది. ప్రతిసారీ ఒకే చోట దూకితే తప్పు ప్లేటుది, దుమ్మో గీతో ఉంటుంది. ఎక్కడపడితే అక్కడ దూకితే మెషిన్‌ది. మెత్తని బ్రష్‌తో ముల్లును వెనక నుంచి ముందుకు మాత్రమే తుడువు. బల్ల సమంగా ఉందో లేదో చూడు. తర్వాత యాంటీ స్కేటింగ్ సున్నాలో పెట్టి, ఆర్మ్ పైకీ కిందికీ పోకుండా గాల్లో నిలిచేదాకా వెనక బరువు తిప్పు. అక్కడ డయల్‌ను సున్నా చేసి, కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన బరువుకు తిప్పు. యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకెకు పెట్టు. ఇంత చేసినా దూకితే ముల్లు అరిగి ఉండొచ్చు, కొత్తది వేసి చూడాలి.

గుంయ్‌మని హోరు వస్తే ఎర్త్ వైరును యాంప్లిఫయర్ వెనక మరకు బిగించు. శబ్దం మరీ సన్నగా వస్తే, వైర్లు ఫోనో అన్నచోట పెట్టావో లేదో చూసుకో.

పెట్టెలో ఉన్న, నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు మాత్రం ఇప్పుడే ముట్టుకోకు. అవి లక్కవి, స్పిరిట్‌తో తుడిస్తే కరిగిపోతాయి. వాటి గాళ్లు వెడల్పు, ముల్లే వేరే కావాలి.

మోటారు మీది చీటీ ఫొటో తీసి పంపు. పుల్లీ సంగతి ఇక్కడ మెకానిక్‌తో నేను మాట్లాడతాను.

ఇట్లు,
పెదనాన్న