గరిక పూజ ఎలా చేయాలి? కణుపు చూసి కోయడం నుంచి మళ్లీ నాటడం దాకా

వినాయక చవితి ముందు రోజు సాయంత్రం బజారులో పత్రి కట్ట ఒకటి కొనడం, అందులో ఏముందో చూడకుండానే పళ్లెంలో పోసుకుని పూజకు కూర్చోవడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. 21 పత్రుల్లో మాచిపత్రి, దేవదారు లాంటివి అందరికీ అందవు, నిజమే. గరిక సంగతి అలా కాదు. చేను గట్టున, చెరువు కట్ట మీద, బడి ఆవరణలో, ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఎక్కడ చూసినా ఉంటుంది. కాలి కింద నలిగే ఈ గడ్డిని వేదం దేవతగా పిలిచింది, పురాణం కుబేరుడి ధనంతో తూచింది. ఈసారి ఆ ఒక్క పత్రినైనా మీ చేత్తో గుర్తుపట్టి, కోసి, లెక్కపెట్టి, ఎందుకు పెడుతున్నామో తెలిసి పెట్టండి. మిగతా 20 దొరికినా దొరకకపోయినా ఆ పూజకు కొరత ఉండదని నా నమ్మకం.

మొదటి మెట్టు: గుర్తుపట్టడం

గరిక నిటారుగా పెరిగే గడ్డి కాదు, నేల మీద పాకుతుంది. పాకే తీగను ఒకదాన్ని మెల్లగా పైకి లేపి చూడండి. కాస్త కాస్త దూరంలో కణుపులు కనిపిస్తాయి. నేలను తాకిన కణుపు దగ్గర కిందికి సన్నని వేళ్లు, పైకి చిన్న పిలక. గరికను పట్టించే మొదటి గుర్తు ఇదే. ఆకులు సన్నగా, పొట్టిగా, కొస తేలి ఉంటాయి. ఆకు కాడను కలిసే చోట కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే తెల్లని నూగు వరుసగా కనిపిస్తుంది. వెన్ను వేసినప్పుడు కాడ చివర మూడు నుంచి ఆరేడు సన్నని పుల్లలు, వేళ్లు విప్పిన చేయిలా విచ్చుకుంటాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది తుంగతో. తేడా తెలుసుకోవడానికి కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. తుంగ కాడకు మూడు అంచులు తగులుతాయి, కణుపులు ఉండవు. గరిక కాడ గుండ్రం, కణుపులు వేలికి తెలుస్తాయి. బజారు కట్ట కొన్నా సరే, ఈ పరీక్ష చేసి తుంగను పక్కన పెట్టేయండి.

దర్భ వేరు, గరిక వేరు. దర్భ దుబ్బుగా, పొడవుగా, గరుకుగా పెరుగుతుంది. హోమాల్లో పరచడానికి, పవిత్రం చుట్టడానికి, పితృకార్యాలకు వాడేది దర్భ. గణపతికి పెట్టేది గరిక. సంస్కృతంలో దీన్నే దూర్వ అంటారు.

రెండో మెట్టు: ఎందుకో తెలుసుకోవడం

ఇక్కడ తొందరపడకండి. ఈ భాగం తెలియకపోతే మిగిలేది గడ్డి కోయడమే.

తైత్తిరీయ ఆరణ్యకంలో పదో ప్రపాఠకానికి మహానారాయణోపనిషత్తు అని పేరు. దానికి ప్రాంతాన్ని బట్టి పాఠాలు ఉన్నాయి. ద్రావిడ పాఠంలో 64 అనువాకాలు, మన ఆంధ్ర పాఠంలో 80 అని సాయణాచార్యులు తన భాష్యంలో లెక్క చెప్పారు. దూర్వా సూక్తంగా మనం వినే మంత్రాలు ఈ ఉపనిషత్తులోవే. అందులో దూర్వ వట్టి పూజాద్రవ్యం కాదు, నేరుగా దేవి. వందల వేళ్లు, వందల మొలకలు గల తల్లీ, నా పాపం తీసేయి, చెడ్డ కలలు పోగొట్టు అని వేడుకుంటారు. ఆ వెంటనే అసలు మాట వస్తుంది. నువ్వు కణుపు కణుపునా వేళ్లూని ఎలా విస్తరిస్తావో, మమ్మల్నీ అలాగే వందలుగా, వేలుగా విస్తరింపజేయి అని కోరిక. మంత్రద్రష్ట గరిక పచ్చదనాన్ని పొగడలేదు, పూవును పొగడలేదు. కణుపును పొగిడాడు. మొదటి మెట్టులో తీగను లేపి చూడమన్నది ఇందుకే.

అగ్నిచయన యాగంలో ఇదే కణుపు మంత్రంతో గరికకు ఇంకో గౌరవం దక్కుతుంది. ఇటుకలతో వేదికను అయిదు వరుసలుగా పేర్చేటప్పుడు, మొదటి వరుసలో స్వయమాతృణ్ణ అనే రంధ్రమున్న రాతిని ఉంచి, దాని మీద గరికను పెడతారు. దాన్నీ ఇటుకల లెక్కలోనే చేర్చి దూర్వేష్టక అన్నారు. కాల్చిన ఇటుకల మధ్య బతికున్న ఇటుక అది.

ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం రాజాభిషేకం చెప్పే చోట గరికకు రాజరికమే కట్టబెట్టింది. ఓషధుల్లో క్షత్రియ శక్తి దూర్వదే అంటుంది. ఊడలు దించుకుంటూ భూమి మీద దూర్వ ఎలా పరుచుకుని పాతుకుంటుందో, రాజు తన రాజ్యంలో అలా స్థిరపడాలట. అదే బ్రాహ్మణం మర్రి గురించి కూడా ఇదే మాట అంటుంది. అంటే బెత్తెడు గరికను మహావృక్షం సరసన నిలబెట్టింది.

ఈ మాట ఎంత నిజమో రైతును అడగండి. గరిక ఒకసారి చేలో దిగితే పీకినా పోదు, తెగిన ప్రతి ముక్కా మళ్లీ చిగురిస్తుంది. వేసవి దుక్కి లోతుగా దున్ని, వేళ్లు ఎండకు మాడేలా చేసి, ఏరి గట్టు మీద పారేస్తారు. తొలకరి పడగానే అదే గట్టు మీద మళ్లీ పచ్చబడుతుంది. వానకు గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచేది కూడా ఈ గరికే. చేలో శత్రువు, గట్టు మీద కాపలాదారు. వేదం చూసిన గుణమూ రైతు విసుక్కునే గుణమూ ఒకటే.

ఇక పురాణం. గణేశ పురాణంలోని అనలాసురుడి కథ చాలామంది వినే ఉంటారు. ఒంటి నుంచి మంటలు కక్కుతూ లోకాలను కాల్చేస్తున్న ఆ రాక్షసుడిని గణపతి మింగేశాడు. ఆ మంట కడుపులో చేరి దహించడం మొదలుపెట్టింది. ఇంద్రుడు నుదుట చంద్రుణ్ణి పెట్టాడు, విష్ణువు తామర ఇచ్చాడు, వరుణుడు చల్లని నీళ్లు కుమ్మరించాడు, శివుడు పామును నడుముకు చుట్టాడు. తాపం తగ్గలేదు. అప్పుడు 88,000 మంది మునులు వచ్చి తలా 21 గరిక పోచలు తల మీద ఉంచితే చల్లబడింది. ఆయుర్వేదం కూడా దూర్వను చలువ చేసే ఓషధుల్లోనే చెప్పింది. దేవతల కానుకలన్నీ ఓడిపోయిన చోట గడ్డి గెలవడం ఈ కథలో నాకు ఇష్టమైన సంగతి.

అదే పురాణంలో కౌండిన్య మహర్షి భార్య ఆశ్రయకు ఒక సందేహం వస్తుంది. ఇంత గడ్డికి అంత మహిమ ఏమిటని. ఆయన ఒక్క పోచ ఆమె చేతికిచ్చి, దీని ఎత్తు బంగారం ఇంద్రుణ్ణి అడిగి తెమ్మన్నాడు. ఇంద్రుడు కుబేరుడి దగ్గరికి పంపాడు. కుబేరుడు తన ధనమంతా తక్కెడలో పోసినా పోచ ఉన్న వైపు లేవలేదు. మీ ఇంట్లో పిల్లలు కూడా ఆశ్రయ అడిగిన ప్రశ్నే అడిగితే, కసురుకోకుండా ఈ కథ చెప్పండి.

మూడో మెట్టు: కోయడం

పొద్దున్నే స్నానం చేసి వెళ్లండి. మంచు ఆరకముందు గరిక లేతగా ఉంటుంది. భాద్రపదం వానల నెల కాబట్టి చవితి నాటికి వెతుక్కోవలసిన పని ఉండదు. చోటు మాత్రం చూసుకోండి. మురుగు పారే చోట, పశువులూ కుక్కలూ తిరిగే చోట వద్దు. గడ్డి మందు కొట్టిన గట్టు అసలే వద్దు. పక్కనున్న గడ్డి అంతా ఒకేసారి పసుపు తిరిగి వాడుతోందంటే అక్కడ మందు పడిందని అనుమానించి పక్కకు జరగండి. వేరేవాళ్ల చేను గట్టయితే అడిగి కోయడం మర్యాద, గట్టు ఊడిపోకుండా కోస్తామని చెప్పడం ఇంకా మర్యాద.

వేళ్లతో సహా పీకకండి. పిలక కొసను పట్టుకుని, లేత ఆకులు మూడు గాని అయిదు గాని వచ్చేలా, నేల దగ్గర ఒకటి రెండు కణుపులు మిగిలేలా గోటితో తుంచండి. అలా వదిలిన కణుపు నుంచి కొద్ది రోజుల్లోనే కొత్త పిలక వస్తుంది. వేళ్లూనడాన్నే పొగిడే మంత్రం చదువుతూ, ఆ వేళ్లనే పీకి తెచ్చి పెట్టడం నాకు సరిగా తోచదు. కోసే ముందు మొక్కకు ఒక నమస్కారం పెట్టే ఆచారం ఉంది. మంత్రం రాకపోతే తెలుగులోనే అడగండి.

నాలుగో మెట్టు: కడిగి లెక్కపెట్టడం

మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, నీళ్లు విదిలించి, ఎండినవీ పురుగు కొట్టినవీ ఏరేయండి. వెంటనే పూజ లేకపోతే తడిగుడ్డలో గాని అరిటాకులో గాని చుట్టి నీడన పెట్టండి. తర్వాత రెండేసి పోచలు కలిపి జతలు చేయండి. ఈ జతనే పూజా పుస్తకాల్లో దూర్వాయుగ్మం అంటారు. పది జతలు, ఒక ఒంటి పోచ, మొత్తం 21. ఓపిక ఉంటే ఎక్కువ కోసుకోండి గాని, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 21 చాలు.

అయిదో మెట్టు: సమర్పించడం

చవితి వ్రతకల్పంలో గరిక పత్రిపూజలోనే వస్తుంది. వరుసలో నాలుగోది, గజానన నామంతో పెడతారు. ప్రత్యేకంగా గరిక పూజే చేయాలనుకుంటే వ్రత గ్రంథాల్లో చక్కని పద్ధతి ఒకటి ఉంది. పది నామాలు: గణాధిప, ఉమాపుత్ర, అఘనాశన, వినాయక, ఈశపుత్ర, సర్వసిద్ధిప్రదాయక, ఏకదంత, ఇభవక్త్ర, మూషకవాహన, కుమారగురు. ఒక్కో నామం చెప్పి ఒక్కో జత ఉంచుతారు. చివరి ఒంటి పోచను పది నామాలూ కలిపి చెప్పి పెడతారు. 21 లెక్క అలా సరిపోతుంది. కొన్ని పుస్తకాల్లో 21 నామాలకు 21 జతలు ఉంటాయి. మీ ఇంట్లో ఏ పుస్తకం ఉంటే దాన్నే అనుసరించండి, రెండూ కలపకండి.

గరిక కొసలు పూజ చేసేవారి వైపు ఉండాలని శాస్త్రం చెబుతుంది. మీ ఇంటి పెద్దలు వేరేలా చేస్తూ వచ్చి ఉంటే వాళ్లను నొప్పించేంత విషయం కాదు, వాళ్లు చేసినట్టే చేయండి. ప్రతిమ ముఖం కప్పేయకుండా తల మీద, పాదాల దగ్గర ఉంచండి. మట్టి ప్రతిమ అయితే నీళ్లు ఓడే గరికను మీద పోగు వేయకండి, మట్టి కరుగుతుంది.

ఇంకో నియమం కూడా తెలిసి ఉండాలి. విష్ణువుకు అక్షతలు, గణపతికి తులసి, దేవికి గరిక పెట్టకూడదని పెద్దల మాట. చవితి నాడు మాత్రం పత్రిలో తులసి కూడా ఉంటుంది, ఆ ఒక్క రోజుకు మినహాయింపు. గరికకు చవితే రానక్కరలేదు. ఏ శుభకార్యానికైనా ముందు చేసే పసుపు వినాయకుడికి రెండు పోచలు గుచ్చవచ్చు. నెల నెలా బహుళ చవితికి, అంటే సంకటహర చవితికి, ఈ 21 పోచల పూజ హాయిగా చేసుకోవచ్చు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో బెర్ముడా గడ్డి అని పిలిచేది ఈ గరికనే. డాలస్ చుట్టుపక్కల ఇళ్ల ముందు పచ్చికలో చాలాచోట్ల ఉన్నది ఇదే. ఆస్ట్రేలియాలో కౌచ్ గడ్డి అంటారు. పచ్చిక బయళ్ల కోసం పెంచే సంకర రకాలు మరీ సన్నగా, పొట్టిగా ఉంటాయి, అయినా కణుపు పరీక్షకు నిలుస్తాయి. అక్కడ చూసుకోవలసింది మందుల సంగతే. పచ్చికకు కలుపు మందు, ఎరువు కొట్టించే ఇల్లయితే ఆ గడ్డి కోయకండి. ఒక కుండీలో విడిగా పెంచుకోవడం మేలు.

ఆరో మెట్టు: పూజ తర్వాత

ఉద్వాసన చెప్పాక పత్రినంతా చెరువులో పడేయవద్దు. మట్టి ప్రతిమను ఇంట్లో బకెట్‌లో కరిగించేవాళ్లు ఆ నీళ్లూ ఆ మట్టీ చెట్ల మొదట్లో పోస్తారు కదా, ఎండిన పత్రిని కూడా అక్కడే వేయండి. ఉమ్మెత్త, గన్నేరు ఆకులు మాత్రం ఏరి, పశువులకూ పిల్లలకూ అందని చోట పాతేయండి, అవి విషం.

నాటుకోవడానికి మాత్రం కోసిన రోజే, పాకే తీగలోంచి రెండు మూడు కణుపులున్న ముక్కలు నాలుగైదు వేరుగా తెచ్చుకోండి. వెడల్పైన కుండీలో అంగుళం లోతున కణుపు మట్టిలో ఉండేలా పడుకోబెట్టి, కొస బయటికి వదలండి. ఎండ బాగా తగలాలి, నీడలో గరిక పలచబడుతుంది. వేళ్లు పట్టేదాకా రోజూ తడపండి. కుండీ కింద రంధ్రం నుంచి వేళ్లు నేలలోకి దిగుతాయి, కాబట్టి కుండీని రాయి మీదో పళ్లెంలోనో పెట్టండి, లేదంటే పూలమడులన్నీ ఆక్రమిస్తుంది. చవితి తర్వాత నాలుగో రోజు భాద్రపద శుద్ధ అష్టమి, దూర్వాష్టమి. ఆ రోజు గరికకే పూజ చేయాలని వ్రత గ్రంథాలు చెబుతాయి. అప్పటికి కుండీలో చిగురు కనిపించకపోయినా పసుపు కుంకుమ పెట్టి నీళ్లు పోయండి. నెలా రెండు నెలల్లో, ఏదో ఒక సంకటహర చవితికి, 21 పోచలు మీ కుండీలోనే దొరుకుతాయి.