తాత హెచ్‌ఎంటీ జనతా మళ్లీ నడిచింది: పాత వాచీని గుర్తుపట్టడం, సరైన పార్ట్స్ వేయించడం ఎలా?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచీల గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి ఛార్జర్, బ్యాటరీ, అప్‌డేట్ ఏవీ అక్కర్లేని గ్యాడ్జెట్ ఒకటి పట్టుకొచ్చా. మా తాత చేతి వాచీ, హెచ్‌ఎంటీ జనతా.

మా ఇల్లు బహదూర్‌పురాలో. తాత ఇక్కడి నెహ్రూ జూ పార్కులోనే పనిచేశారు. జంతువులకు మేత వేసే టైమ్ అంతా ఈ వాచీ చూసే. ఆయన పోయాక నానమ్మ దాన్ని ట్రంకు పెట్టెలో దాచింది. మొన్న దసరాకి బయటికి తీస్తే నడవలేదు. కీ తిప్పితే తిరుగుతూనే ఉంది, ఎక్కడా బిగుసుకోవడం లేదు. గ్లాసు గీతలు పడి తెల్లగా అయిపోయింది. డయల్ మీద 7 అంకె పక్కన చాయ్ రంగు మరక.

"నేను చేయిస్తా నానమ్మా" అని మాటిచ్చేశా. ఆ తర్వాత చేసిన తప్పు, నేర్చుకున్న పాఠం ఇదిగో.

ముందు స్పెక్స్ చూద్దాం

- కంపెనీ: హెచ్‌ఎంటీ. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1961లో జపాన్‌కి చెందిన సిటిజన్‌తో కలిసి బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది.
- మోడల్: జనతా. మెషీన్ లోపల చెక్కి ఉన్న నంబర్ 020. ఇది సిటిజన్ డిజైన్ నుంచి వచ్చింది.
- నడక: చేత్తో కీ ఇవ్వాలి. గంటకు 18,000 బీట్లు, అంటే సెకనుకు 5 టిక్కులు, రోజుకు 4,32,000.
- జ్యువెల్స్: 17. ఇవి కృత్రిమ కెంపులు. పళ్లచక్రాల ఇరుసులు అరిగిపోకుండా బేరింగుల్లా పనిచేస్తాయి.
- పారాషాక్: వాచీ కింద పడినా బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరగకుండా కాపాడే స్ప్రింగ్ అమరిక. ఇదీ సిటిజన్ టెక్నాలజీయే.
- సాఫ్ట్‌వేర్ సపోర్ట్: లేదు. హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది.

అసలు ఇబ్బంది ఆ చివరి లైన్‌తోనే. కొత్త పార్ట్స్ అంత తేలిగ్గా దొరకవు. కాబట్టి ఏది కొంటున్నామో మనకే తెలియాలి.

నేను చేసిన తప్పు

ఆన్‌లైన్‌లో "జనతా డయల్, కొత్తది" అని కనిపించగానే ఆర్డర్ పెట్టేశా. 450 రూపాయలు. తెల్లగా మెరిసిపోతోంది. దాన్నీ, వాచీనీ పట్టుకుని చౌరస్తా దగ్గర డబ్బా పెట్టుకుని కూర్చునే చాచా దగ్గరికి వెళ్లా. ఆయన కంటికి లూప్ పెట్టుకుని డయల్‌ను వెనక్కి తిప్పి చూశారు.

"డయల్ కైకూ లాయే బేటా? పైలే నంబర్ దేఖో" అన్నారు. డయల్ ఎందుకు తెచ్చావ్, ముందు నంబర్ చూడు అని.

డయల్ వెనక సన్నటి కాళ్లు రెండుంటాయి. అవి మెషీన్‌లోని రెండు రంధ్రాల్లో కూర్చోవాలి. నేను కొన్నదానికి కాళ్లు వేరే చోట ఉన్నాయి. వేరే మెషీన్ డయల్‌కి రంగు వేసి, పైన జనతా అని ముద్ర కొట్టారన్నమాట. ఫోన్ భాషలో చెప్పాలంటే, మోడల్ నంబర్ చూడకుండా డిస్‌ప్లే ఆర్డర్ పెట్టినట్టు.

స్టెప్ 1: వాచీని గుర్తుపట్టండి

డయల్ మీది పేరు చూసి ఆగిపోకండి. నాలుగు చోట్ల చూడాలి.

1. మెషీన్ నంబర్: వెనక మూత తీస్తే బ్యాలెన్స్ చక్రం కింద గానీ పక్కన గానీ చెక్కి ఉంటుంది. స్ప్రింగ్, స్టెమ్, చక్రాలు, అన్నీ ఈ నంబర్‌ని బట్టే. ఫోన్ కెమెరాలో మాక్రో మోడ్ ఉంటే క్లియర్‌గా ఫొటో తీసి పెట్టుకోండి.

2. డయల్ ప్రింటింగ్: అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా? నిమిషాల గీతలు అంకెలకి సూటిగా ఉన్నాయా? లోగో అలికినట్టుగా, రంగు దళసరిగా ఉంటే మళ్లీ పెయింట్ చేసిన డయల్ అని అనుమానించాలి.

3. డయల్ మాటకీ లోపలి మెషీన్‌కీ పొత్తు: డయల్ మీద ఆటోమేటిక్ అని రాసి, లోపల ఊగే రోటర్ లేకపోతే రెండు వాచీలు కలిపి ఒకటి చేశారని అర్థం. హెచ్‌ఎంటీ ధరలు పెరిగాక ఇలాంటి అతుకుల వాచీలు ఆన్‌లైన్‌లో చాలా తిరుగుతున్నాయి.

4. మూత లోపలి వైపు: ఇది నాకు కొత్త. రిపేర్ చేసినవాళ్లు సూదితో తారీఖు గీకే అలవాటు ఉందట. తాత వాచీ మూతలో మూడు గీతలున్నాయి: 11/81, 4/88, 96. అంటే 1981కే ఈ వాచీ తాత చేతికి ఉంది. 1996 తర్వాత ఎవరూ లోపల నూనె వేయలేదు. మెరుస్తోందని కొత్త కేసు కొని ఉంటే ఈ సర్వీస్ హిస్టరీ చెత్తబుట్టలోకి పోయేది.

స్టెప్ 2: మీ ఫోన్‌తోనే టెస్ట్

కొంచెమైనా నడిచే వాచీ అయితే ఈ రెండు టెస్టులు ఇంట్లోనే చేయొచ్చు.

*మైక్ టెస్ట్:* టైమ్‌గ్రాఫర్ యాప్‌లు ఫోన్ మైక్‌తో టిక్కులు విని, రోజుకి ఎన్ని సెకన్లు తేడా వస్తుందో చెబుతాయి. ఫ్యాన్ ఆపేసి, వాచీని మైక్‌కి ఆనించి పెట్టండి. బీట్ 18,000 సెట్ చేయండి. యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతుందో కూడా చూపిస్తాయి. కానీ అది లిఫ్ట్ యాంగిల్ సరిగ్గా ఇస్తేనే కరెక్ట్‌గా వస్తుంది. రోజువారీ తేడాను మాత్రం నమ్మొచ్చు.

*కంపాస్ టెస్ట్:* వాచీ ఒక్కసారిగా రోజుకి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంటే అయస్కాంతం పట్టి ఉండొచ్చు. హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టే, దాంతో వేగం పెరుగుతుంది. నడుస్తున్న వాచీని కంపాస్ యాప్ దగ్గర పెట్టండి. ఉక్కు మూత వల్ల ముల్లు కొంచెం జరగడం మామూలే. ఆగకుండా వణుకుతుంటే డీమ్యాగ్నెటైజ్ చేయించాలి, నిమిషం పని. ఇంకోమాట: మెకానికల్ వాచీని బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టకండి.

తాత వాచీ అసలు నడవడం లేదు కాబట్టి నాకు ఈ టెస్టులు రిపేర్ తర్వాతే పనికొచ్చాయి.

స్టెప్ 3: ఏది మార్చాలి? ఏది ముట్టుకోకూడదు?

చాచా చెప్పిన లెక్క సింపుల్. అరిగిపోయేవి మార్చు, వాచీ ముఖం మార్చకు.

మార్చినవి:

- మెయిన్‌స్ప్రింగ్: తెగిపోయింది. కీ ఊరికే తిరగడానికి కారణం అదే. వెడల్పు, మందం, పొడవు, కొస ఆకారం నాలుగూ కలవాలి. 020కి సరిపోయే స్ప్రింగ్ అని అడిగే కొన్నాం.
- గ్లాసు: ఇది యాక్రిలిక్. సైజు మిల్లీమీటర్‌లో పదో వంతు దాకా చూడాలి. అందాజాగా కొంటే కూర్చోదు, కూర్చున్నా ఊడిపోతుంది. డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి తీసుకున్నాం. సన్న గీతలే ఉంటే మార్చక్కర్లేదు, పాలిష్ పేస్ట్‌తో పోతాయి.
- కీ, స్టెమ్: కీ పళ్లు అరిగి వేలికి జారుతోంది, స్టెమ్ మర అరిగింది. స్టెమ్ మెషీన్ నంబర్‌ని బట్టి, కీ ఆ స్టెమ్ మరని బట్టి తీసుకోవాలి. స్టెమ్ కొత్తది పొడుగ్గా వస్తుంది, కేసుకి సరిపడా కోసి బిగిస్తారు.

ఉంచేసినవి: డయల్, ముళ్లు, కేసు, వెనక మూత.

గ్లాసు, స్ప్రింగ్ చార్మినార్ వైపు వాచీ సామాన్ల దుకాణంలో దొరికాయి. స్టెమ్, కీ మాత్రం దొరకలేదు. పురానాపూల్ దగ్గర గురువారం నడిచే జుమేరాత్ బజార్‌లో పగిలిన డయల్ ఉన్న హెచ్‌ఎంటీ ఒకటి 200కి పట్టుకున్నా. మూత తీసి 020 అని చూశాకే డబ్బులిచ్చా. స్టెమ్, కీ దాన్నుంచే వచ్చాయి. దీన్నే డోనర్ వాచీ అంటారు. మిగతా పార్ట్స్ డబ్బాలో దాచుకున్నా, రేపు పనికొస్తాయి.

తర్వాత చాచా మెషీన్ మొత్తం విప్పి కడిగారు. ఎండిన పాత నూనె జిగురులా పట్టేసి ఉంది. జ్యువెల్స్‌లో సూది మొనతో కొత్త నూనె పెట్టారు. ఈ పని యూట్యూబ్ చూసి తాత వాచీ మీద మొదలుపెట్టొద్దు. నేర్చుకోవాలంటే జుమేరాత్ బజార్ వాచీ కొనుక్కోండి.

రిజల్ట్

వారం వాడాక యాప్‌లో రోజుకి 18 సెకన్లు ముందు చూపించింది. రోజులో 86,400 సెకన్లు కదా, దాంట్లో 18 అంటే ఈ వయసు వాచీకి చాలా మంచి స్కోర్. పార్ట్స్‌కి, డోనర్ వాచీకి, చాచా మజూరీకి కలిపి 1,400 అయింది. పనికిరాని డయల్‌కి 450 అదనం.

మూడు జాగ్రత్తలు:

- నీళ్లకి దూరంగా ఉంచండి. వర్షంలో, చేతులు కడిగేటప్పుడు తీసేయండి.
- రోజూ ఒకే టైమ్‌కి కీ ఇవ్వండి. బిగుసుకున్నాక బలవంతం చేయకండి.
- ఇంకా పాత వాచీల్లో చీకట్లో మెరిసే పూత రేడియం కావచ్చు. గీకొద్దు, ఊదొద్దు.

చివరి మాట

డయల్ మరక కూడా తీసేద్దామా అని చాచాని ఆఖరిసారి అడిగా. "నక్కో బేటా, ఉండనీ" అన్నారు. తుడిస్తే మరకతో పాటు అక్షరాలు కూడా లేచిపోతాయట. సరే అని అలాగే ఇంటికి తెచ్చా.

నానమ్మకి చూపు సరిగ్గా ఆనదు. కొత్త గ్లాసు, మెరిసే కీ చూసి ముందు అనుమానపడింది. "ఇది తాత వాచేనారా?" అంది. వెలుతురులోకి తీసుకెళ్లి, 7 పక్కన మరక కనబడ్డాక వేలు దాని మీద పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ తెల్ల డయల్ వేయించి ఉంటే ఆమెకి ఏం చూపించేవాణ్నో నాకు తెలీదు.

తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విని, తిరిగి నా చేతిలో పెట్టింది.

"పొద్దుగాల ఆరింటికి కీ ఇయ్యి. తాత గప్పుడే ఇస్తుండె."

ఇప్పుడు నా ఫోన్‌లో ఆరింటికి ఒక అలారం ఉంది. మీ ఇంట్లో పెట్టె అడుగున ఇలాంటి వాచీ ఉంటే, పార్ట్స్ కొనే ముందు మూత తీయించి నంబర్ చూడండి.