చుట్టినా పగలని పటం

హైదరాబాద్ అశోక్‌నగర్ చౌరస్తాలో గ్రూప్స్‌కి చదివే కుర్రాణ్ణి ఎవరినైనా అడగండి, చేర్యాల అనగానే సిద్దిపేట జిల్లా, నకాషీ కళ అని టక్కున చెప్పేస్తాడు. పరీక్షలో బిట్టుకి అంతే చాలు. ఆ కళలో వేసిన పాత పటాలు మాత్రం అతని హాస్టల్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఇందిరా పార్కు దాటితే గగన్‌మహల్ రోడ్డు. జగదీష్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు 1976లో నెలకొల్పిన మ్యూజియం అక్కడే. వాళ్లు సేకరించిన తెలంగాణ పటాల మీద జగదీష్ మిట్టల్ 2014లో పుస్తకమే తెచ్చారు. జీర్ణమైన పటాన్ని నదిలో కలపడం మన ఆనవాయితీ కాబట్టి పాతవి మిగలడమే అరుదు.

పటం గోడకు తగిలించే బొమ్మ కాదు, కథ చెప్పేవాడి పనిముట్టు. వెడల్పు మూడడుగులుంటే పొడవు ముప్ఫై అడుగులు దాటుతుంది. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతూ ఒక్కో అరా విప్పుతారు. విప్పాలి, చుట్టాలి, మరో ఊళ్లో మళ్లీ విప్పాలి. అయినా రంగు పెచ్చులూడకూడదు.

అందుకే అసలు పని బొమ్మలో కంటే పూతలో ఉంది. బట్ట ఖద్దరు. కాస్త గరుకుంటేనే పూత పట్టుకుంటుంది. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, అడుగంటకుండా కలియబెడుతూ అంబలిలా ఉడికిస్తారు. అందులో బియ్యపు గంజి, తెల్ల సుద్ద, జిగురు కలుపుతారు. బట్టకు పట్టించి ఆరబెడతారు, ఆరాక మళ్లీ పూస్తారు, ఆపైన మూడోసారి. సుద్ద ఎక్కువైతే చుట్టగానే పగుళ్లు. జిగురు ఎక్కువైతే బట్ట అట్టలా బిగుసుకుపోతుంది. రెండూ తక్కువైతే బట్ట రంగును పీల్చేసుకుంటుంది. కొలతలు చేతి అంచనాలోనే ఉంటాయి.

స్పెయిన్ ఏలుబడిలో న్యూ మెక్సికో పల్లెల్లో పునీతుల బొమ్మలు వేసినవాళ్లూ ఇలాంటి దారే పట్టారు. జిప్సం పొడిని జంతువుల చర్మంతో కాచిన బంకలో కలిపి పైన్ చెక్కకు పూసి, దాని మీద రంగులు వేసేవారు. చెక్క వంగదు, చుట్టే పని లేదు. మన నకాషీలకు ఆ వెసులుబాటు లేదు.

పూత ఆరాక కుంచెతో నేరుగా గీస్తారు. ముందు వినాయకుడు, సరస్వతి, ఆ తర్వాతే కథ. అరకూ అరకూ నడుమ పూల అంచు. బొమ్మల చుట్టూ నేలంతా ఇంగిలీకం ఎరుపు నింపుతారు. దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా మనిషి విడిగా కనబడాలంటే ఆ ఎరుపు ఉండాల్సిందే. ఒళ్లు, బట్టలు, నగలు వరుసగా నిండుతాయి. నీలిమందుతో నీలం, గవ్వల పొడితో తెలుపు, దీపపు మసితో నలుపు. ఆ నలుపు గీత చివర్న పడుతుంది. అప్పటిదాకా రంగు ముద్దగా ఉన్న ముఖానికి కనురెప్ప, ముక్కు, మీసం అప్పుడు తేలతాయి. చెయ్యి వణికితే దిద్దడం కష్టం.

ఇప్పుడు అమ్ముడయ్యేవి ఎక్కువగా ఫ్రేము కట్టిన చిన్న బొమ్మలు. డబ్బా రంగులు వచ్చాయి, అందులో తప్పేం లేదు, నకాషీ ఇల్లు గడవాలి కదా. అయితే అద్దం వెనకున్నదాని పూత ఎలాంటిదో ఎవరికీ తెలియదు. కొనాలనుకుంటే ఫ్రేము లేనిది అడగండి. అమ్మేవాళ్లనే ఒకసారి చుట్టి విప్పమనండి.