పగలని మ్యానిఫోల్డ్ చేసే చేతికి పని ఎక్కడుంది?

మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచీల విద్యార్థుల్లో టర్బో మీద మోజు లేనివాళ్లు తక్కువ. మామూలు ఇంజిన్‌కు టర్బో బిగించి, పవరు ఎంత పెరిగిందో డైనో మీద కొలిచే వీడియోలు తెగ చూస్తారు. ఆ ఇష్టం మంచిదే. దాన్ని ఉద్యోగంగా మార్చుకునే దారి మాత్రం వీడియోల్లో పెద్దగా కనపడని ఒక భాగం దగ్గర మొదలవుతుంది. ఇంజిన్ హెడ్డుకూ టర్బోకూ మధ్య ఉండే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ అది. సిలిండర్లన్నిటి నుంచి వచ్చే వేడి పొగను ఒక్కచోటికి చేర్చి టర్బైన్ మీదికి పంపే గొట్టాల గుత్తి. టర్బో కొనుక్కోవచ్చు, పాతది దొరకబుచ్చుకోవచ్చు. మ్యానిఫోల్డ్‌ను మాత్రం ఈ ఇంజిన్‌కు ఆ టర్బో సరిపోయేలా ఎవరో ఒకరు కూర్చుని తయారు చేయాల్సిందే. కొలతలు, లోహాలు, వెల్డింగు, మెషినింగు, వేడి లెక్కలు అన్నీ ఆ ఒక్క పనిలో ఇమిడి ఉన్నాయి. పది ప్రాజెక్టులు పైపైన చేసినవాళ్లకంటే, ఈ ఒక్కదాన్ని పగలకుండా నిలబడేలా చేసిన విద్యార్థికే గట్టి పునాది ఉందని నేను నమ్ముతాను.

తక్కువ ఖర్చుతో టర్బో బిగించే పద్ధతికి అమెరికాలో ఒక పెద్ద సంప్రదాయమే ఉంది. అక్కడ 1999 నుంచి జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల్లో వచ్చిన 4.8, 5.3 లీటర్ల వీ8 ఇంజిన్లు తుక్కు యార్డుల్లో చవగ్గా దొరుకుతాయి. వాటికి కంపెనీ బిగించిన బీడు మ్యానిఫోల్డులు గట్టివి, కానీ పొగ బయటికొచ్చే మూతి వెనకవైపు ఉంటుంది. టర్బో పెట్టడానికి చోటు ఇంజిన్ ముందరే దొరుకుతుంది. అందుకని రెండు మ్యానిఫోల్డులనూ తిరగేసి, మూతులు ముందుకు వచ్చేలా బిగిస్తారు. అక్కణ్నుంచి స్టీలు గొట్టాలు వేసి, రెంటినీ కలిపి, చివర టర్బో ఫ్లాంజ్ అతుకుతారు. కొత్త మ్యానిఫోల్డ్ చేయించే ఖర్చు మొత్తం మిగులుతుంది. ఈ ఉపాయం ఎంత తేలిగ్గా కనిపించినా దాని వెనక ఆలోచన ఉంది. ఉన్న భాగంలో ఏది బాగుంది, ఏది అడ్డొస్తోంది, ఎంత తక్కువ మార్పుతో పనైపోతుంది అని ఆలోచించడమే ఇంజినీరింగ్. కంపెనీల్లో ఖర్చు తగ్గించే విభాగాలు రోజూ చేసే పని కూడా అదే.

ఇక అసలు కష్టానికి వద్దాం. పెట్రోలు ఇంజిన్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ వాయువు వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా, కొన్నిసార్లు ఇంకా పైకి పోతుంది. డీజిల్‌లో అంతకంటే బాగా తక్కువ. లోహం వేడెక్కితే సాగుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలుసు. ఎంత సాగుతుందో లెక్క వేసినవాళ్లకే ఇక్కడ పని. 40 సెంటీమీటర్ల 304 స్టెయిన్‌లెస్ గొట్టాన్ని 700 డిగ్రీలు వేడెక్కిస్తే అది దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే పొడవున్న మామూలు స్టీలు గొట్టం నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా పెరుగుతుంది. మరోవైపు ఆ గొట్టం బిగించి ఉన్న అల్యూమినియం హెడ్డు నీళ్లతో చల్లబడుతూ 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఒక చివర కదలదు, రెండో చివర సాగాలంటుంది. సాగడానికి చోటు లేకపోతే లోహం తనకు తానే పగులు తెచ్చుకుంటుంది. ఆ పగులు చాలాసార్లు వెల్డు పక్కనే, లేదా రెండు గొట్టాలు కలిసే ఇరుకు మూలలో మొదలవుతుంది.

అందుకే అనుభవమున్న మేస్త్రీలు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటారు. హెడ్డు వైపు ఫ్లాంజ్‌ను 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం పలకతో కోస్తారు. పోర్టుల మధ్య దాన్ని చీల్చేస్తారు, అప్పుడు ఒక్కో గొట్టం కొంత స్వేచ్ఛగా సాగుతుంది. మధ్య స్టడ్డు రంధ్రాన్ని బిగువుగా ఉంచి, చివర్లవాటిని కొద్దిగా కోలగా చేస్తారు. వెల్డింగు చేసేటప్పుడు ఫ్లాంజ్‌ను మందమైన పలకకు బిగించి ఉంచుతారు. వేడి తగ్గేదాకా విప్పరు. అంత చేసినా ఫ్లాంజ్ కొంత వంకర పోతుంది కాబట్టి చివర్లో మిల్లింగు మిషను మీద చదును చేయిస్తారు. ఇవన్నీ పుస్తకంలో చదివితే రెండు పేరాలు. చేత్తో చేస్తే ఒక సెమిస్టరు.

గొట్టాల ఎంపికలో బడ్జెట్ ప్రశ్న వస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లాంటి చోట్ల ఆవిరి లైన్లకు వాడే షెడ్యూల్ 40 స్టీలు ఎల్బోలు దొరుకుతాయి. అంగుళంన్నర సైజులో వాటి మందం మూడున్నర మిల్లీమీటర్ల పైనే. బరువెక్కువ, అందం తక్కువ. కానీ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి సరుకు లేదు. వెల్డింగులో చిన్న పొరపాటుకే చిల్లు పడదు, టర్బో బరువు మోయగలదు, ధర విద్యార్థి జేబుకు అందుతుంది. జింకు పూత ఉన్న గొట్టాన్ని మాత్రం ఎంత చవకైనా వెల్డు చేయొద్దు. ఆ పొగ పీలిస్తే చలిజ్వరంలా పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ వెల్డింగులో వచ్చే క్రోమియం పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. మాస్కు, గాలి లాగే ఫ్యాను లేకుండా టార్చి పట్టకండి. ఈ మాట ఎవరూ చెప్పని షెడ్డులో పని నేర్చుకుంటుంటే, వేరే షెడ్డు వెతుక్కోండి.

స్టెయిన్‌లెస్‌కు వెళ్లినప్పుడు టిగ్ వెల్డింగు తప్పనిసరి. బయట అతుకు మెరుస్తూ ఉంటే సరిపోదు. గొట్టం లోపల ఆర్గాన్ నింపకుండా అతికితే లోపలివైపు నల్లగా, గరుకుగా పొక్కులు కడుతుంది. అక్కణ్నుంచి ఒక చిన్న పెచ్చు ఊడి టర్బైన్‌లోకి వెళ్తే ఏమవుతుందో ఊహించండి. చిన్న కార్ల టర్బో చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరుగుతుంది. మామూలు స్టీలు, స్టెయిన్‌లెస్ రెండూ కలిపి అతకాల్సి వస్తే 309ఎల్ ఫిల్లర్ వాడతారు. బీడు మ్యానిఫోల్డ్‌కు స్టీలు ఫ్లాంజ్ అతకడం ఇంకా కష్టం. నికెల్ రాడ్, ముందుగా వేడిచేయడం, తర్వాత మెల్లగా చల్లార్చడం అన్నీ కుదిరినా ఆ అతుకు మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం. వీలైన చోటల్లా బీడుకు వెల్డింగు మానేసి, మధ్యలో అడాప్టర్ పలక పెట్టి బోల్టులతో బిగించడమే మేలు.

ఇంకొకటి, కొత్తవాళ్లు తరచూ మరిచిపోయేది ఆయిల్. టర్బో బేరింగ్ నుంచి ఆయిల్ దానంతటదే కిందికి జారి ఇంజిన్ ఆయిల్ చాంబర్‌లోకి పోవాలి. డ్రైన్ గొట్టం నిట్టనిలువుకు 35 డిగ్రీలు మించి వాలకూడదని గ్యారెట్ లాంటి తయారీదారులు చెబుతారు. టర్బో ఏ ఎత్తులో, ఏ కోణంలో కూర్చుంటుందో తేల్చేది మ్యానిఫోల్డే కాబట్టి, ఈ లెక్క గొట్టం కోయకముందే వేసుకోవాలి. అట్టముక్కలతోనో, ప్లాస్టిక్ గొట్టాలతోనో ముందు నమూనా కట్టి చూడటం నామోషీ కాదు.

చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. సీఎన్‌జీ కిట్ లాంటి అనుమతించిన మార్పులు వేరు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది. అమెరికాలోనూ రోడ్డు మీద తిరిగే బండి ఉద్గార వ్యవస్థను పాడుచేయడం చట్టవిరుద్ధమే. అందుచేత మీ టర్బోను నాన్నగారి కారుకో, మిత్రుడి కారుకో బిగించకండి. కాలేజీ ల్యాబులో స్టాండు మీద ఉన్న పాత ఇంజిన్ మీద చేయండి. ఇంకా మంచిది, ఫార్ములా భారత్ లాంటి విద్యార్థి పోటీల్లో చేరండి. ఫార్ములా స్టూడెంట్ తరహా నిబంధనల్లో ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, లోపలికి వెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. ఆ హద్దుల్లో టర్బో పెట్టడం ప్రొఫెసర్లనే ఆలోచింపజేసే సమస్య. బాహా పోటీల్లో ఇంజిన్‌ను ముట్టుకోనివ్వరు కాబట్టి ఈ కోరికకు అది సరైన వేదిక కాదు. ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లే మన విద్యార్థులు అక్కడి యూనివర్సిటీల ఫార్ములా ఎస్‌ఏఈ జట్లలో చేరితే ఈ పని అక్కడా కొనసాగించవచ్చు.

చదువు దారులు అందరికీ ఒకేలా ఉండవు. ఎనిమిదో తరగతి పాసైనా ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్‌కు వీలుంది. పది పూర్తిచేస్తే ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, మోటారు మెకానిక్ ట్రేడులు రెండేళ్లు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు, ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉండి, చేతిపని మీద ఇష్టం ఉన్న పిల్లలకు వెల్డర్ ట్రేడ్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. మంచి టిగ్ వెల్డర్‌కు తర్వాత చదువుకునే సమయమూ దొరుకుతుంది, చదువుకు కావలసిన డబ్బూ దొరుకుతుంది. బీటెక్ చదువుతున్నవాళ్లకు నా సలహా వేరు: సెలవుల్లో ఏదైనా షెడ్డులో, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనైనా మీ ఊళ్లోనైనా, ఒక వెల్డింగు మేస్త్రీ పక్కన నిలబడండి. క్యాడ్‌లో గీసిన మూల టార్చికి అందుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూలింగు, సీఎన్‌సీ కోర్సులున్నాయి. ఫిక్స్చర్లు తయారుచేయడం నేర్చుకోవాలంటే తెలుగువాళ్లకు దగ్గర్లో ఉన్న మంచి చోటు అది. వెల్డింగునే లోతుగా పట్టుకోవాలనుకుంటే తిరుచిరాపల్లిలో బీహెచ్ఈఎల్ వారి వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

ఉద్యోగాల విషయానికొస్తే, టర్బోలు తయారుచేసే టర్బో ఎనర్జీ చెన్నైలో, గ్యారెట్, కమిన్స్ పుణెలో ఉన్నాయి. బండ్లను, ఇంజిన్లను పరీక్షించే ఏఆర్ఏఐ పుణెలో, ఐక్యాట్ మానేసర్‌లో, నాట్రాక్స్ పీతంపూర్‌లో. పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు నుంచి టర్బో పెట్రోలు కార్లు బయటికొస్తున్నాయి. అయితే అక్కడి ఉద్యోగాల్లో ఎక్కువ భాగం అసెంబ్లీ, నాణ్యత పరీక్ష, మెయింటెనెన్స్. మ్యానిఫోల్డ్ డిజైన్ చేసే కుర్చీలు ఎక్కువగా పుణె, చెన్నై, బెంగళూరుల్లోనే ఉంటాయి. ఊరు వదలడానికి సిద్ధపడాలి.

'విద్యుత్ కార్లు వచ్చాక టర్బో ఎవడికి కావాలి?' అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లు, హైబ్రిడ్ కార్లు ఇంకా చాలా ఏళ్లు ఇంజిన్ల మీదే నడుస్తాయి. మ్యానిఫోల్డ్ రూపం కూడా మారుతోంది. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ల 1.0 లీటర్ టీఎస్ఐ ఇంజిన్‌లో దాన్ని సిలిండర్ హెడ్డులోనే పోతపోసి, నీళ్లతో చల్లబరుస్తున్నారు. డిజైన్ వైపు వెళ్లేవాళ్లు పోత, ఉష్ణ ప్రసారం సబ్జెక్టులను తేలిగ్గా తీసుకోకూడదన్నది అందులోనే తెలుస్తోంది. ఇక వెల్డింగు వైపు వెళ్లేవాళ్లకు ఇంకో భరోసా ఉంది. లోపల ఆర్గాన్ నింపి పల్చటి స్టెయిన్‌లెస్ గొట్టాన్ని శుభ్రంగా అతకడమనే నైపుణ్యం హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమలకు అచ్చంగా కావలసిందే. అక్కడ 316ఎల్ గొట్టాల లోపలి అతుకు కూడా నునుపుగా ఉండాలి, లేకపోతే మందు కలుషితమవుతుంది. కంచన్‌బాగ్‌లోని మిధానిలో వేడిని తట్టుకునే సూపర్ అల్లాయ్‌లు తయారవుతాయి. నగరం చుట్టూ రక్షణ, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేసే చిన్న యూనిట్లున్నాయి. వేడికి లోహం ఎలా ప్రవర్తిస్తుందో తెలిసిన వెల్డర్, మెషినిస్ట్ వాళ్లకు ఎప్పుడూ కావాలి.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఫొటోల కంటే వస్తువు పట్టుకెళ్లండి. మీరు అతికిన గొట్టాన్ని రంపంతో నిలువునా కోసి, లోపలి అతుకు కనపడేలా తీసుకెళ్లండి. వెల్డింగుకు ముందు, తర్వాత ఫ్లాంజ్ చదునును సరిపట్టీ, ఫీలర్ గేజ్‌లతో కొలిచి రాసుకున్న కాగితం, వ్యాకోచం లెక్క, ఫిల్లర్ ఏది వాడారు, ఆంపియర్లు ఎన్ని పెట్టారు, ఎక్కడ పగిలింది, రెండోసారి ఏం మార్చారు అన్నీ ఒక నోటుపుస్తకంలో ఉండాలి. అనుభవమున్న ఇంజినీరు పవరు ఎంత పెరిగిందని అడగడు. పగులు ఎక్కడ మొదలైంది, అక్కడే ఎందుకు మొదలైందని అడుగుతాడు. దానికి లెక్కతో జవాబు చెప్పగలగాలి. ఐటీఐ వాళ్లు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో, డిప్లొమా, బీటెక్ వాళ్లు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. చివరి పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా ఆఖరి ఏడాది మొదట్లోనే కంపెనీల జాబితా, కావలసిన పత్రాలు సిద్ధం చేసుకుంటే ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టొచ్చు.