సువార్త, సాక్ష్యం, ప్రచారం: నిడమనూరు నుంచి మనవడికి

క్రైస్తవ విశ్వాసంలో చాటడానికీ ఆజ్ఞ ఉంది, దాచుకోవడానికీ ఆజ్ఞ ఉంది. మత్తయి సువార్త చివర యేసు శిష్యులను అన్ని జనాల దగ్గరికి వెళ్లమంటాడు. అదే సువార్త ఆరో అధ్యాయంలో దానం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దనీ, ప్రార్థన గది తలుపు వేసుకుని చేయాలనీ చెబుతాడు. రెండూ ఒకే గురువు మాటలు కాబట్టి ఒకటి పట్టుకుని రెండోది వదిలేయడానికి వీల్లేదు. దేవుడు చేసినదాన్ని చాటాలి, తాను చేసినదాన్ని తలుపు వెనకే ఉంచుకోవాలి. కొత్తగా సేవలోకి వచ్చిన యువకులు తడబడేది ఇక్కడే. మిర్యాలగూడలో ఉంటున్న మనవడు పోయిన నెల నిడమనూరులోని తాతకు రాసిన ఉత్తరంలో అడిగిందీ ఇదే: నలుగురికీ తెలియకపోతే నలుగురూ ఎట్లా వస్తారని. ఆ ఉత్తరం కన్నా ముందే, హాలియా రోడ్డు మీద వాడి నిలువెత్తు ఫొటోతో స్వస్థత కూటాల ఫ్లెక్సీ కట్టారన్న కబురు నిడమనూరు చేరింది. ఫొటోలో బాగా చిక్కిపోయి ఉన్నాడని కూడా చెప్పారు. తాతకు ముందు పట్టుకున్న దిగులు అదే.

యేసు రోగులను బాగుచేసిన తీరును మార్కు సువార్తలో వరసగా చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. మొదటి అధ్యాయంలో కుష్ఠురోగిని బాగుచేసి, ఎవరికీ చెప్పవద్దని గట్టిగా హెచ్చరించి పంపాడు. అతను ఆగలేక అంతటా చాటాడు. దాంతో యేసు పట్టణంలోకి బాహాటంగా వెళ్లలేక ఊరి బయటే ఉండిపోవలసి వచ్చింది. ప్రచారం బోధకు అడ్డం పడిన సంగతి సువార్తలోనే రాసి ఉందన్నమాట. ఐదో అధ్యాయంలో యాయీరు కూతురు పడుకున్న గది దగ్గర గోల చేస్తున్న వాళ్లందరినీ బయటికి పంపి, తల్లిదండ్రులనూ ముగ్గురు శిష్యులనూ మాత్రమే ఉండనిచ్చాడు. పిల్ల లేచాక, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదన్నాడు, ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఏడో అధ్యాయంలో చెవిటివాణ్ణి జనంలోంచి పక్కకు తీసుకుపోయాడు. ఎనిమిదిలో గుడ్డివాణ్ణి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించాడు. గెరాసేనుల దేశంలో దయ్యం వదిలిన మనిషితో మాత్రం, ఇంటికి వెళ్లి నీవాళ్లకు చెప్పుకొమ్మన్నాడు. అతను దెకపొలి అంతా చెప్పుకున్నాడు. అక్కడ చెప్పింది బాగుపడ్డ మనిషి, తన నోటితో. బాగుచేసినవాడు అతణ్ణి వెంట తిప్పుకుని చూపించలేదు.

తెలుగు నేల మీద సువార్త నడిచిన దారి కూడా ఈ పద్ధతికి దగ్గరగానే ఉంది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ గురించి లోకమంతా చెప్పుకునేది 1878 జులై 3వ తేదీ. ఆ ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె అమెరికా దాకా పోయింది. దాని వెనక ఉన్న రెండు సంగతులు అంత దూరం పోలేదు. మొదటిది ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం పొందాక తన చుట్టాలకూ, వ్యాపారం మీద తిరిగే ఊళ్లకూ తనే సువార్త మోశాడు. మిషనరీ జాన్ క్లౌ అడుగు పెట్టకముందే ఎన్నో వాడల్లో ఆ మాట పేరయ్య నోట వినపడింది. రెండోది క్లౌ నిగ్రహం. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, వచ్చినవాళ్లు కూడా తమను తాము అలా అనుకోకూడదని. వేలమంది వాకిట్లో నిలబడి అడుగుతుంటే కాదని ఆపడం మామూలు సంగతి కాదు. చివరికి నదిలో బాప్తిస్మం ఇచ్చింది కూడా తెలుగు బోధకులే. క్లౌ ఒడ్డున ఉన్నాడు.

నల్గొండ ప్రాంతానికి ఈ పని రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ దంపతులతో చేరింది. వాళ్లు 1889లో భారతదేశం వచ్చి, బాప్టిస్ట్ మిషన్‌తో కలిసి నల్గొండలో పనిచేశారు. అక్కడి నుంచి పల్లెలకు సువార్తను మోసింది సువార్తికులు, బైబిలు స్త్రీలు, బడి పంతుళ్లు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా అచ్చు కాలేదు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందు నిడమనూరు చుట్టుపక్కల జొన్న, ఆముదం చేలే ఎక్కువ. తాత నిక్కరు తొడుక్కునే రోజుల్లో మిర్యాలగూడ వైపు నుంచి ఒక సువార్తికుడు సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిలుకు గుడ్డసంచి, అందులో ఒక్కో సువార్త విడిగా కుట్టిన చిన్న పుస్తకాలు. కొన్ని పైసలకు ఒకటి. డబ్బుల్లేనివాళ్లు సోలెడు జొన్నలు పోసి కొనుక్కునేవాళ్లు. చదువు రాని పెద్దవాళ్లకు వాటిని గట్టిగా చదివి వినిపించే పని పిల్లలది. తాతకు చదవడం ధారాళంగా వచ్చింది వేపచెట్టు కింద ఆ చదువుల వల్లనే, బడి వల్ల కాదు. ఒకసారి వాడలో ఒక పిల్లకు మూర్ఛ వచ్చింది. జనం మూగారు. ఆ సువార్తికుడు అందరినీ బయటికి పంపి, తల్లిని మాత్రం లోపల ఉంచి, తలుపు దగ్గరికి వేసి ప్రార్థన చేశాడు. తరవాత ఆ పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని, బండి కట్టించి పంపాడు. వచ్చే వారం కూటంలో ఆ సంగతి ఎత్తలేదు. ఇంకో ఊళ్లో చెప్పలేదు. ఆ పిల్ల మందులు వాడుకుంది, రెండేళ్లకు మంచి సంబంధం కుదిరింది. ఇవాళ మనవలను ఎత్తుకుంటున్నది. ఆనాడు ఎవరైనా ఆమెను జనం ముందు నిలబెట్టి ఉంటే, ఆమె రోగం ఆమె కన్నా ముందు ఊళ్లు తిరిగేది.

డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య పద్ధతి మనవడి ప్రశ్నకు నేరుగా జవాబు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. అభిషేకం 1912 డిసెంబరు 29న కలకత్తాలో జరిగింది. బాప్తిస్మం తీసుకునే ప్రతివారి చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవాడు. కూలివాడైనా, చదువు లేని ముసలమ్మ అయినా, చెప్పవలసిన పని వాళ్లదే. తిరునెల్వేలి నుంచి వచ్చిన ఆ తమిళుడు తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగాడు. మాల మాదిగల బతుకులో వచ్చిన మార్పును కళ్లారా చూసి ఆ ఊళ్లలోని ఇతర కులాలవాళ్లు సంఘానికి రావడం 1930ల నాటికి డోర్నకల్ ప్రాంతంలో స్పష్టంగా కనిపించింది. తాగుడు మానిన మనిషి పక్కింటివాడికి కనిపిస్తాడు. దానికి పోస్టరు అక్కర్లేదు.

బహిరంగంగా చాటడం తప్పని దీని అర్థం కాదు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్త సింగ్, హైదరాబాదులోని హెబ్రోను మందిరం కేంద్రంగా పనిచేస్తూ, విశ్వాసులతో వీధుల్లో పాటలతో ఊరేగింపులు నడిపించాడు. పరిశుద్ధ సభలకు వేలమంది వచ్చేవాళ్లు. అందరికీ భోజనం పెట్టేవాళ్లు. అయినా డబ్బు కోసం జనాన్ని అడగకూడదన్న నియమం చివరిదాకా నిలిచింది. ఆయన 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశాడు. ఊరేగింపులో వాక్యం రాసిన అట్టలు పైకి లేచేవి. మనవడి ఫ్లెక్సీలో వాక్యం ఎక్కడో కింద, సన్నటి అక్షరాల్లో ఉందని చూసినవాళ్లు చెప్పారు.

చట్టం సంగతి కొంత తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి ఆ హక్కు ఉంటుంది. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెన్నైలోని ఒక చర్చి మైకుల మీద కాలనీవాళ్లు వేసిన కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని అదే కోర్టు 2000 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. ఇక 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టం ఉంది. మహిమగల వస్తువులతో, మంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటించడాన్ని అది నేరంగా చూస్తుంది. ఫ్లెక్సీ మీద ఫలానా రోగం నయమవుతుందని రాయించేవాళ్లు ఆ చట్టం అంచున నిలబడ్డట్టే. ప్రార్థనతో పాటు మందులు కూడా వాడుకొమ్మని చెప్పని సేవకుడి చేతికి ఎవరి పిల్లనూ అప్పగించకూడదు.

అన్నిటికన్నా బరువైనది ఫొటోలు, వీడియోల సంగతి. ఇది చిన్న విషయమని మనవడు అనుకోవచ్చు. కాదు. బాప్తిస్మం వీడియో ఒకసారి ఫోనులోంచి బయటపడితే ఆ మనిషి ఉద్యోగం దగ్గరికీ, కాలేజీ దగ్గరికీ, ఆఫీసు బల్ల దగ్గరికీ పోతుంది. ఎస్సీ కుర్రాడైతే హోదాకే ముప్పు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను మన దగ్గర బీసీ–సీలో లెక్కిస్తారు. ఈ నియమం అన్యాయమైనది, దాని మీద సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి వాదన నడుస్తూనే ఉంది. అన్యాయమైనా, దాని బరువు పడేది నీళ్లలో మునిగి లేచిన ఆ కుర్రాడి మీద, ఫోను పట్టుకున్నవాడి మీద కాదు. ఆ బరువు మోస్తాడో లేదో, ఎప్పుడు ఎవరికి చెబుతాడో ఆ కుర్రాడు నిర్ణయించుకోవాలి. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. భర్త కొడుతున్నాడని, గర్భం నిలవడం లేదని, కొడుకు తాగుతున్నాడని దేవుని ముందు చెప్పుకున్న మాటలు వాట్సాప్‌లో చుట్టాల చేతికి చేరితే ఆ ఇల్లాలు ఏ ముఖంతో వీధిలోకి రావాలి? సాక్ష్యం చెప్పేటప్పుడు ఫోను లోపల పెట్టించాలి. రోగి మీద చెయ్యి వేసి ప్రార్థించేటప్పుడు ఫోను అసలే ఉండకూడదు. రాసిచ్చినా సరే, ఏడుస్తూ ఇచ్చిన అనుమతి అనుమతి కాదు. పిల్లల ముఖాలు తల్లిదండ్రులు అడిగినా పెట్టకూడదు. ఆకలితో వచ్చినవాళ్లకు బియ్యం సంచి ఇస్తూ తీసిన ఫొటో మత్తయి ఆరో అధ్యాయంలోని బూరే.

మనవడి మనసులో కపటం లేదు. చిన్నప్పుడు ఆదివారం బడిలో చందా డబ్బా దగ్గర తన పైసా వేసి, పక్కపిల్లవాడికి సిగ్గవుతుందని వాడి చేతిలో ఇంకో పైసా పెట్టినవాడు వాడు. ఆ సంగతి వాడికి గుర్తుండదు. వాడి గొంతు మంచిది, కానీ చలికాలం పట్టేస్తుంది. రాత్రి కూటాల్లో మెడకు గుడ్డ చుట్టుకోవాలి. పాట పాడాలి, బోధించాలి, ఇంటింటికీ నడవాలి. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం చెప్పినట్టు, అడిగినవాళ్లకు సాత్వికంగా, గౌరవంగా జవాబు చెప్పాలి. అడగనివాళ్ల గడప దగ్గర రెండుసార్లు నిలబడకూడదు.

ప్రస్తుతం చేయవలసిన పనులు ఇవి. కూటాలకు కరపత్రం వేస్తే వాక్యం, చోటు, సమయం చాలు. మైకు తొమ్మిదిన్నరకే కట్టేయాలి. కొడుకు తాగుడు గురించి ఏడ్చిన ఒక తల్లి వీడియో మనవడి ఫోనులోంచి గ్రూపుల్లోకి పోయిందని విన్నది నిజమైతే, అది వెంటనే తీసేయాలి. తీసేసినంత మాత్రాన సరిపోదు. ఆమె ఇంటికి స్వయంగా వెళ్లి, జరిగింది చెప్పి, క్షమాపణ అడగాలి. ఆమె కొడుకు ఇంట్లో ఉంటే అతనితోనూ మాట్లాడాలి. ఇవన్నీ క్రిస్మస్‌కు ముందే జరగాలి. పండుగకు వాడు నిడమనూరు రావాలి, తాత ఎదురుచూస్తూ ఉంటాడు.