ఊరు దాటినా ఓటు

ప్రశ్న: కెనడాలో రిజర్వ్ (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) బయట ఉండే ఆదివాసులకు తమ బ్యాండ్ (ఆదివాసీ సమూహం) ఎన్నికల్లో ఓటుందా?

జవాబు: ఉందండీ, కోర్టుకెక్కి సాధించుకున్నారు. అక్కడి ఆదివాసుల చట్టమైన ఇండియన్ యాక్ట్‌లోని 77వ సెక్షన్ రిజర్వ్‌లో కాపురమున్నవాళ్లకే ఓటన్నది. ఒంటారియోలోని బచెవానా బ్యాండ్ సభ్యులు సవాలు చేస్తే, 1999లో కార్బియర్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతు సమానత్వ హక్కుకు విరుద్ధమని తేల్చి, మార్పులకు 18 నెలల గడువిచ్చింది. చదువుకో, ఉద్యోగానికో పట్నం చేరినంత మాత్రాన పరాయివాళ్లవుతారా?

ఇప్పుడు పోస్టులో ఓటేయొచ్చు. బ్యాలెట్‌ను లోపలి కవరులో పెట్టి అంటించి, సాక్షి సంతకమున్న ధ్రువీకరణ పత్రం జతచేసి పంపాలి. అసలు చిక్కు అడ్రసులతోనే. ఓటర్ల జాబితాలో పాత అడ్రసుంటే బ్యాలెట్ కవరు ఓటరుకు చేరనే చేరదు. నన్నడిగితే, నిబంధనలు రాసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది అదే. ఇక నీళ్లు, రోడ్ల వంటి విషయాల్లో రిజర్వ్‌లో ఉండేవాళ్ల మాటకు కాస్త బరువెక్కువ ఇవ్వొచ్చు. బయటివాళ్ల గొంతు మాత్రం నొక్కకూడదు.