దుర్బల రాజ్యాలు – విదేశాంగ నీతి: ఆఫ్ఘనిస్థాన్ ఉదాహరణ

ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అనే నాలుగూ రాజ్యానికి మూలాంశాలని రాజనీతి శాస్త్ర విద్యార్థులు తొలి పాఠంలోనే నేర్చుకొంటారు. కాని ప్రపంచ పటంలో ఎల్లలు గీయబడి, ఐక్యరాజ్యసమితిలో పతాకం ఎగురుతూ ఉన్నప్పటికీ, రాజధాని పొలిమేర దాటిన పిదప ప్రభుత్వపు మాట చెల్లని రాజ్యాలు కొన్ని ఉన్నాయి. అక్కడ పన్ను వసూలు చేసేది ఒకరు, తగవు తీర్చేది మరొకరు, తుపాకి పట్టేది ఇంకొకరు. ఇట్టి వాటినే దుర్బల రాజ్యాలంటారు. వీటి పట్ల ఇతర దేశాలు ఎట్టి విధానాన్ని అవలంబించాలన్నది మిక్కిలి క్లిష్టమైన ప్రశ్న. సిద్ధాంత చర్చ కంటె ఒక దేశపు అనుభవాన్ని పరిశీలించడం మేలు కనుక, ఆఫ్ఘనిస్థాన్‌ను ఉదాహరణగా తీసుకొందాము.

1978 ఏప్రిల్‌లో కాబూల్‌లో అధికారానికి వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం అంతఃకలహాలతోను, గ్రామసీమలలో చెలరేగిన తిరుగుబాటుతోను సతమతమవుతూ ఉండగా, 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆ దేశంలో ప్రవేశించాయి. అమెరికా, సౌదీ అరేబియాల ధనం, ఆయుధాలు పాకిస్తాన్ మీదుగా ముజాహిదీన్ దళాలకు చేరాయి. తొమ్మిదేళ్ల యుద్ధంలో సుమారు 15 వేల మంది సోవియట్ సైనికులు మరణించారు. ఆఫ్ఘన్ ప్రజల నష్టం దీనికి ఎన్నో రెట్లు. యాభై లక్షల మందికి పైగా పాకిస్తాన్, ఇరాన్ దేశాలకు శరణార్థులై తరలిపోయారు.

1988 ఏప్రిల్ 14న జెనీవా ఒప్పందాలు కుదిరాయి. వాటిపై కాబూల్, ఇస్లామాబాద్ ప్రభుత్వాలు సంతకాలు చేశాయి. అమెరికా, సోవియట్ యూనియన్‌లు హామీదారులుగా నిలిచాయి. అయితే రణరంగంలో నిలిచి పోరాడుతున్న ముజాహిదీన్ వర్గాలలో ఒక్కటి కూడ ఆ ఒప్పందంలో భాగస్వామి కాదు. అందువలన విదేశీ సేనలు వెళ్లిపోయాయి గాని యుద్ధం ఆగలేదు. 1989 ఫిబ్రవరి 15న జనరల్ గ్రోమోవ్ నాయకత్వంలోని చివరి దళం అమూ దర్యా వంతెనను దాటింది.

ఈ ఘట్టం తరువాతి మూడేళ్లే నా దృష్టిలో అత్యంత బోధప్రదమైనవి. డాక్టర్ నజీబుల్లా ప్రభుత్వం కొద్ది నెలలలోనే కూలిపోతుందని పరిశీలకులు అనేకులు జోస్యం చెప్పారు. కాని 1989 మార్చిలో జలాలాబాద్‌పై జరిగిన ముజాహిదీన్ ముట్టడిని ఆ ప్రభుత్వ సైన్యం తిప్పికొట్టింది. మూడేళ్లకు పైగా అధికారం నిలిచింది. దీనికి కారణం ఏమి? నజీబుల్లా చేపట్టిన జాతీయ సామరస్య విధానం కొంత, ప్రతిపక్ష వర్గాల అనైక్యత కొంత తోడ్పడిన మాట నిజమే. ప్రధాన కారణం మాత్రం మాస్కో నుండి ఎడతెగక వచ్చిన గోధుమలు, ఇంధనం, ఆయుధాలు, నగదు. జీతం అందుతున్నంతకాలం స్థానిక సాయుధ దళాలు విధేయంగానే ఉన్నాయి. ఉభయ పక్షాలకు ఆయుధ సరఫరా నిలిపివేయాలని 1991 సెప్టెంబరులో అమెరికా, సోవియట్ యూనియన్‌లు అంగీకరించాయి. 1992 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. అప్పటికే సోవియట్ యూనియన్ అంతరించింది. జనరల్ దోస్తుమ్ దళాలు ఎదురు తిరిగాయి. 1992 ఏప్రిల్‌లో పదవి కోల్పోయిన నజీబుల్లా దేశం విడిచిపోలేక కాబూల్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రాంగణంలో తలదాచుకొన్నాడు. 1996 సెప్టెంబరులో తాలిబాన్‌లు ఆయనను అక్కడి నుండి లాగి వధించారు. సైన్యాన్ని ఉపసంహరించడం ఒక ఎత్తు. సరఫరాను తెగగొట్టడం మరొక ఎత్తు. పరాధీనమైన రాజ్యానికి మొదటిది గాయం, రెండవది మరణం.

2001లో అమెరికా సేనలు తాలిబాన్‌లను గద్దె దింపిన తరువాత బాన్ నగరంలో సమావేశం జరిగింది. ఓడినవారితో మాటలేమిటన్న భావంతో తాలిబాన్‌లను పిలువలేదు. ఆ సమావేశాన్ని నిర్వహించిన ఐక్యరాజ్యసమితి ప్రతినిధి లఖ్దర్ బ్రాహిమీయే తరువాతి కాలంలో అది లోపమని అంగీకరించారు. ఆ పైన ఇరవై ఏళ్లు సహాయం ప్రవాహంలా వచ్చింది. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం ప్రభుత్వ వ్యయంలో సుమారు ముప్పాతిక భాగం విదేశీ గ్రాంట్ల నుండే లభించేది. ప్రజల పన్నుతో నడవని ప్రభుత్వం ప్రజలకు లెక్క చెప్పదు, దాతలకే చెబుతుంది. పాఠశాలలు, రహదారులు, ఆసుపత్రులు వెలిసిన మాట కాదనలేము. కాని సైన్యాన్ని సైతం అమెరికా నమూనాలో తీర్చిదిద్దారు. విమానాల మరమ్మతుకు కూడ విదేశీ కాంట్రాక్టర్లే దిక్కు. 2021లో వారు వెళ్లిపోగానే విమానాలను ఎగురవేయడం దుష్కరమైంది.

2020 ఫిబ్రవరి 29న దోహాలో మరొక ఒప్పందం జరిగింది. ఈసారి తాలిబాన్‌లు ఉన్నారు, కాబూల్ ప్రభుత్వం లేదు. తాను సంతకం చేయని పత్రం మేరకు ఆ ప్రభుత్వం అయిదు వేల మంది వరకు ఖైదీలను విడిచిపెట్టవలసి వచ్చింది. ఇంతకంటె స్పష్టంగా ఒక ప్రభుత్వపు గౌరవాన్ని దాని మిత్రుడే తీసివేయడం అరుదు. 2021 ఆగస్టు 15న కాబూల్ పతనమైంది.

ఈ దోషం అగ్రరాజ్యాలకే పరిమితమని మనం అనుకోరాదు. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందంలో తమిళ పులులు పక్షం కాదు. శాంతి పరిరక్షణకై వెళ్లిన మన సైన్యం వారితోనే యుద్ధం చేయవలసి వచ్చింది. 1990 మార్చిలో తిరిగివచ్చే నాటికి సుమారు 1,200 మంది జవానులను కోల్పోయాము.

ఆఫ్ఘనిస్థాన్ విషయంలో మన దేశం సైన్యాన్ని పంపలేదు. జరంజ్ నుండి దెలారామ్ వరకు 218 కిలోమీటర్ల రహదారిని, హెరాత్ రాష్ట్రంలో సల్మా ఆనకట్టను, కాబూల్‌లో పార్లమెంటు భవనాన్ని నిర్మించింది. ప్రభుత్వం మారినా రహదారి, ఆనకట్ట మిగిలాయి. 2021 తరువాత గుర్తింపు ఇవ్వకుండానే, పాకిస్తాన్ భూభాగం మీదుగా గోధుమలు పంపింది. 2022 జూన్‌లో కాబూల్‌కు సాంకేతిక బృందాన్ని, 2025 అక్టోబరులో ఆఫ్ఘన్ విదేశాంగ మంత్రి ముత్తాఖీ ఢిల్లీ వచ్చినప్పుడు దానిని రాయబార కార్యాలయంగా మార్చే నిర్ణయాన్ని ప్రకటించింది. గుర్తింపును ఆహారం నుండి వేరుచేసిన ఈ విధానం సమంజసమని నా అభిప్రాయం. ఆఫ్ఘన్ కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 700 కోట్ల డాలర్లను అమెరికా స్తంభింపజేసినప్పుడు బ్యాంకుల ముందు బారులు తీరినవారు సామాన్యులే గాని పాలకులు కారు. ఆ ఒత్తిడి బాలికల బడులను తెరిపించనూ లేదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు కూడ స్త్రీలకు మూయబడ్డాయి.

అయితే మన విధానంలోను ఒక లోటు కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంతో సహా మన దేశపు అనేక విద్యాసంస్థలలో ఆఫ్ఘన్ యువకులు భారత ప్రభుత్వ విద్యార్థి వేతనాలతో చదువుకొంటూ వచ్చారు. 2021 ఆగస్టులో, దేశం వెలుపల ఉన్న ఆఫ్ఘన్ పౌరులకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నీ రద్దయ్యాయి. స్వదేశంలో ఉన్న విద్యార్థులకు తమ తరగతి గదులకు తిరిగివచ్చే దారి మూసుకుపోయింది. భద్రతా కారణాలు ఉండవచ్చును. కాని ఆనకట్టకు వెచ్చించిన శ్రద్ధలో కొంతైనా, చదువు మధ్యలో ఆగిన ఆ విద్యార్థుల దరఖాస్తులను ఒక్కొక్కటిగా పరిశీలించడానికి వెచ్చించవలసి ఉండినది. తన దేశంలో విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టలేని ఆఫ్ఘన్ యువతికి పొరుగు దేశపు వీసా పత్రమే విదేశాంగ నీతి.